మూడు తీర్ల ఫిట్స్

ఐటీఐలలో ఫిట్టర్ ట్రేడు బోధించడానికి కొత్తగా చేరుతున్న వారి కోసం ఇది రాస్తున్నాను. ఎల్లారెడ్డిలో నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. వెర్నియర్ మీది సన్నని గీతలు కళ్లకు ఆనడం తగ్గగానే, ఇంకా కొన్నేళ్ల సర్వీసు ఉన్నా విరమించుకున్నాను. కొలత కనబడని మనిషి కొలవడం నేర్పకూడదని నా అభిప్రాయం. రోజూ డైరీ రాసే అలవాటున్న వాణ్ణి కనుక చేరిన తేదీ, బదిలీ తేదీ, ఇంక్రిమెంట్లు అన్నీ నా దగ్గర ఉన్నాయి. మీకు వాటితో పని లేదు. మీకు పనికొచ్చేది ఒక మాట. మూడే ఇంగ్లీషు అక్షరాల మాట. మన ట్రేడు పేరే దాని నుంచి వచ్చింది. ఆ మాట ఒక ఇంటి గుమ్మం దాకా వచ్చిన బతుకుతెరువును వెనక్కి పంపబోయింది.

ఫిట్టింగు సారు

నేను చేరిన కొత్తలో ఊళ్లో నన్ను ఫిట్టింగు సారు అనేవారు. ఆ పిలుపు గౌరవమే అనుకుని కొన్ని నెలలు సంతోషంగా తలూపాను. ఒకనాడు కామారెడ్డి బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి అడిగాడు.

"మీరేం జేస్తరు సారూ?"

"ఫిట్టింగు నేర్పిస్తాను."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "గది నేర్పియ్యాల్నా సారూ? మా ఊళ్లె ప్రతోడు పుట్టుకతోనే ఫిట్టింగు పెడ్తడు. మొన్న మా తమ్ముడే గట్టు కాడ పెట్టిండు. ఇద్దరం మాట్లాడుకుంట లేము."

బస్సంతా నవ్వింది. మన దగ్గర ఫిట్టింగు పెట్టడమంటే సాఫీగా సాగుతున్న పనికి అడ్డుపుల్ల వేయడం, ఇద్దరి మధ్య తంటా పెట్టడం. ఇంగ్లీషువాళ్లు రెండు వస్తువులను కలపడానికి వాడే మాటను మనం ఇద్దరు మనుషులను విడదీయడానికి వాడుతున్నాం. ఈ అర్థం ఏ నిఘంటువులోనూ నాకు దొరకలేదు. అయినా జిల్లాలో దీనికి మించి వాడుకలో ఉన్న అర్థం మరొకటి లేదు. ఆ రోజు నుంచి ఈ మాట ఎక్కడ వినబడినా ఆగి వినడం మొదలుపెట్టాను.

దర్జీ దగ్గర ప్యాంటు ఫిట్టు. ఆటోకు ఏటేటా తీసుకోవలసింది ఫిట్‌నెస్. పోలీసు ఉద్యోగానికి పరుగెత్తే కుర్రవాడు ఫిట్టు. బోరు మోటారు బిగించేది ఫిట్టింగు. మూర్ఛ వచ్చి పడిపోయిన వానికి వచ్చేది ఫిట్స్. మద్నూర్ నుంచి వచ్చే విద్యార్థులు తమలో తాము మరాఠీలో మాట్లాడుకునేవారు. ఆ మరాఠీలో కూడా మూర్ఛ వస్తే ఫిట్టు వచ్చిందనే అంటారట. సరిహద్దు దాటినా ఈ మాటకు వీసా అక్కర్లేదు.

మాట పుట్టుక

స్థానిక కళాశాలలో ఇంగ్లీషు చెప్పే మిత్రుడొకడు నాతో సాయంత్రం నడకకు వచ్చేవాడు. ఇన్ని అర్థాలు ఒకే మాటకు ఎలా వచ్చాయని ఒకసారి అడిగాను. మూలం ఒక్కటే అయి ఉంటుందని నా ఊహ. ఆయన వారం రోజులు పుస్తకాలు తిరగేసి వచ్చి, నా ఊహ పొరపాటన్నాడు.

"ఇవి అన్నదమ్ములు కాకపోవచ్చు. ఒకే పేరుతో ఒకే వీధిలో ఉంటున్న వేర్వేరు ఇళ్లవాళ్లు కావచ్చు" అన్నాడు.

పాత ఇంగ్లీషులో ఇదే రూపంలో ఒక మాటకు పెనుగులాట అని అర్థమట. అది కష్టం, బాధ అనే అర్థాల మీదుగా శరీరం తనతో తానే పెనుగులాడే మూర్ఛ దాకా వచ్చిందని కొందరు భావిస్తారు. అదే రూపంలో ఉన్న మరో మాటకు పాటలో ఒక భాగమని అర్థం. మన కావ్యాలకు ఆశ్వాసాలున్నట్టు వాళ్ల పాత కథాగేయాలకు ఫిట్టులుండేవి. ఇక తగినది, సరిపోయేది అనే అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో పండితులకే గట్టిగా తెలియదట. సమవుజ్జీ అయిన ప్రత్యర్థి అనే భావం నుంచి వచ్చి ఉండవచ్చని ఒక ఊహ ఉంది. ఆరోగ్యంగా ఉండడమనే అర్థం వీటన్నిటి తరువాతది. ఆటలకూ పందేలకూ సిద్ధమైన శరీరాన్ని మొదట అలా అన్నారు.

రోగానికీ ఆరోగ్యానికీ ఒకే మాట ఉండడం నాకు వింతగా తోచింది. మా ప్రిన్సిపాల్‌కు చెబితే ఆయన నవ్వి కొట్టిపారేశాడు. క్రమశిక్షణ గల మనిషి. యంత్రాలను బిడ్డల్లా చూసుకునేవాడు. కానీ ఆయనకొక గట్టి అభిప్రాయం ఉండేది.

"పోరగాండ్ల చేతికి ఫైలియ్యండి సార్, డిక్షనరీ ఎందుకు? రాకుడు, తోముడు, కొలుసుడు. గంతే మన పని."

ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే. అయితే ఈ విషయంలో ఆయనతో ఏకీభవించలేకపోయాను. చేతికి ఇనుము అరగదీసే ఫైలు ఇచ్చేముందు నోటికి మాట ఇవ్వాలి. ఎందుకో సాదిఖ్ సంగతి చదివితే మీకే తెలుస్తుంది.

వర్క్‌షాపు ఉదయాలు

అంతకన్నా ముందు మా వర్క్‌షాపు గురించి కొంచెం చెప్పనివ్వండి. ఉదయం రేకుల కప్పు కింద పాతికమంది కుర్రవాళ్లు ఇనుప ముక్కలను బిగించిన వైసుల ముందు నిలబడి ఫైలింగ్ మొదలుపెడితే పుట్టే శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మొదటి నెలలో అది ఎవరి దారి వాళ్లదే. రెండో ఏడాదికి పాతిక చేతులూ ఒకే లయలో సాగేవి. నూనె, వేడెక్కిన ఇనుము, ఎవరి డబ్బాలోంచో వచ్చే మామిడికాయ తొక్కు వాసనలు కలగలిసి ఉండేవి. విరమించాక ఇంట్లో అంత ప్రశాంతంగా ఉండడం నాకు చాలాకాలం కొత్తగా తోచింది.

ఆ రోజుల్లో నేను బోధించిన వాటన్నిటిలో నాకు ఇష్టమైన పాఠం ఫిట్స్. ఒక రంధ్రంలో ఒక ఇరుసు కూర్చోవాలి. రంధ్రం కాస్త పెద్దదైతే ఇరుసు వదులుగా తిరుగుతుంది. అది క్లియరెన్స్ ఫిట్. ఇరుసే కాస్త పెద్దదైతే ఒత్తిడి పెట్టి దించాలి. అది ఇంటర్‌ఫెరెన్స్ ఫిట్. తయారీలో వచ్చే వెంట్రుకవాసి తేడాను బట్టి వదులుగానో బిగుతుగానో మారేది ట్రాన్సిషన్ ఫిట్. ఒకసారి పోచారం విహారానికి వెళ్లినప్పుడు ఒకని టిఫిను డబ్బా మూత ఎంత లాగినా రాలేదు. "సార్, ఇంటర్‌ఫెరెన్స్ ఫిట్! మా అమ్మ ఇంజినీర్!" అని వాడు అరిస్తే రిజర్వాయరు గట్టంతా నవ్వులే. పాఠం అన్నం డబ్బా దాకా వెళ్లిందంటే తలకెక్కినట్టే.

చాంద్ మియా కొడుకు

సాదిఖ్ ఆ తరగతిలోని వాడు. తండ్రి చాంద్ మియాకు ఎల్లారెడ్డి బజారులో చిన్న దర్జీ దుకాణం. రెడీమేడ్ బట్టలు వచ్చాక దుకాణానికి పాత ప్యాంట్లు బిగించడం, చీర అంచులు కుట్టడం మాత్రమే మిగిలింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు. సాదిఖ్ ఏ రోజు ఏం నేర్చుకున్నాడో రాత్రి అన్నం దగ్గర తండ్రికి అప్పజెప్పేవాడట. మూడు రకాల ఫిట్స్ గురించి విన్నప్పుడు చాంద్ మియా మర్నాడే నా దగ్గరికి వచ్చాడు.

"సార్, మీరూ నేనూ ఒక్కటే పని జేస్తున్నం. లూజు, టైటు, మధ్యలది. నేను గుడ్డల జేస్త, మీరు ఇనుముల జేపిస్తరు. నేను ముప్పై ఏండ్ల సంది ఫిట్టర్‌నే గద?"

"నాకంటే సీనియర్ మీరు" అన్నాను. ఆ మాట బజారంతా చెప్పుకున్నాడు.

సాదిఖ్ చదువు పూర్తయ్యాక గల్ఫ్‌లోని ఒక పంపుల కంపెనీ కామారెడ్డిలో ట్రేడ్ టెస్టు పెట్టింది. ఎంపికలు చేసేది ఆ కంపెనీ ఫోర్‌మన్. ఒక వర్క్‌షాపును మూడు రోజులకు మాట్లాడుకున్నారు. మా సంస్థ నుంచి వెళ్లిన వాళ్లలో సాదిఖ్‌కే అవకాశం ఎక్కువని నాకు తెలుసు. చతురస్రపు గాడిలో చతురస్రపు ముక్కను కూర్చోబెట్టి దీపానికి ఎదురుగా పట్టుకుంటే, వాడు చేసిన జోడులోంచి వెలుతురు రాదు. ఆ ఇంటికి ఈ ఉద్యోగం ఎంత అవసరమో కూడా నాకు తెలుసు. చాంద్ మియా చూపు మందగిస్తోంది. అప్పటికే సూదిలో దారం కొడుకే ఎక్కించి ఇచ్చేవాడు.

టెస్టు అయిన మర్నాడు సాదిఖ్ మా వర్క్‌షాపు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"సార్, నన్ను అన్‌ఫిట్ చేసిండ్రు."

"ఎందులో?"

"ఫిట్స్‌ల."

నాకు కోపం వచ్చింది. "ఫిట్స్‌లో నిన్ను అన్‌ఫిట్ చేయడమేమిటి? తరగతికి ఫిట్స్‌లో నువ్వే మొదటివాడివి కదా!"

"గా ఫిట్స్ గాదు సార్. మిర్గీ. నాకు మిర్గీ ఉందట. ఎత్తుల మీద పనికి పనికిరానట. నా పేరు కొట్టేసిండ్రు. ఇంకో కంపెనోళ్లు గూడ పిలవరంటున్నరు."

"ఎవరు చెప్పారు నీకు మూర్ఛ ఉందని?"

"మా అబ్బానే చెప్పిండట సార్."

దుకాణంలో

ఇద్దరం చాంద్ మియా దుకాణానికి వెళ్లాం. మెడలో టేపు వేసుకుని మిషను తొక్కుతున్నాడు. కొడుకు వెంట టెస్టుకు వెళ్లి వచ్చినా, ఎంపిక కాలేదని మాత్రమే ఆయనకు తెలుసు. కారణం తెలియదు.

"నిన్న బయట మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అడిగారా?" అన్నాను.

"అడిగిండ్రు సార్. పోరగాండ్లు లోపట టెస్టు రాస్తుంటె, కంపెనీ గుమాస్తానట, హైదరాబాద్ పిల్లగాడొకడు అయ్యలందరిని వరుసగ అడిగిండు. నేను అన్నిటికి టకటక జవాబు చెప్పిన. ఒక్కదానికి గూడ ఆగలే."

"ఏమేం అడిగాడు? ఒక్కొక్కటే చెప్పండి."

ఆయన మిషను ఆపి, తన గొంతునూ ఆ గుమాస్తా గొంతునూ వేర్వేరుగా అనుకరిస్తూ ఉత్సాహంగా చెప్పాడు. ఆ సంభాషణ ఇలా జరిగింది.

"మీ అబ్బాయి ఏ ట్రేడు?"

"ఫిట్టర్ సార్."

"ఫిట్స్ గానీ వస్తాయా?"

"ఎందుకు రావు సార్! మస్తుగ వస్తయి."

"మస్తుగానా? ఎప్పటినుంచి?"

"రెండేండ్ల సంది. ఐటీఐల జేరిన కాడికెల్లి."

"ఎప్పుడో ఒకసారా?"

"అయ్యో, రోజు సార్. పొద్దుగాల మొదలైతే సాయంత్రం దాక. ఒక్క తీరుయి గాదు, మూడు తీర్ల ఫిట్స్ వస్తయి మావానికి."

ఆ కుర్రవాడు పాపం కంగారుపడి, చివరగా ఒక ప్రశ్న అడిగాడట. "మరి అప్పుడు చేతిలో ఇనుము పెడతారా?"

"ఇనుము లేకుండ ఎట్లయితది సార్? చేతిల ఇనుము ఉంటెనే గద!"

ఇక్కడ ఆగి ఒక మాట. మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళాలగుత్తి పెట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది. దానివల్ల ఏ ప్రయోజనమూ లేదు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, దెబ్బ తగలకుండా చూసి, వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. కానీ ఆ అలవాటు లేకపోయి ఉంటే ఆ గుమాస్తా ఆ ప్రశ్న అడిగేవాడు కాదు. ఈ జవాబు విని మూడు తీర్ల రోగమని రాసుకునేవాడూ కాదు. తెలుగులో పని వస్తుంది, రోగమూ వస్తుంది. రెండింటికీ ఒకే క్రియ. ఇంగ్లీషు నామవాచకానికి తెలుగు క్రియ తోడై ఈ ప్రమాదం తెచ్చింది. ఇంగ్లీషువానికి గానీ, తెలుగు రానివానికి గానీ ఇది జరగదు.

ఆ గుమాస్తా అడిగిన ఫిట్స్ ఏమిటో నేను విడమరచి చెప్పాను. చాంద్ మియా మొదట నవ్వబోయాడు. అంతలో కొడుకు ముఖం చూశాడు. మెడలోని టేపు తీసి, చుట్టి, పెట్టెలో పెట్టాడు.

"నేను బయట చాయ తాగుకుంట కూసున్నా అయిపోతుండె గద సార్. గొప్పలు చెప్పి తారీఫ్ జేయబోయి నా పిల్లగాని పొట్ట గొట్టిన."

"మనిషి అడిగిందానికి జవాబే చెప్పారు. పదండి, రేపు ఉదయం మొదటి బస్సుకు పోదాం. ఫోర్‌మన్ రేపటి వరకే ఉంటాడు."

ఫోర్‌మన్ అడిగిన ప్రశ్న

ఫోర్‌మన్ యాభై దాటిన మనిషి. ఎడమచేతి రెండు వేళ్లు సగానికి లేవు. అలాంటి చేతిని చూస్తే మన ట్రేడు వాళ్లకు మర్యాద దానంతట అదే వస్తుంది. నేను జరిగినదంతా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"సారూ, మీ కుర్రాడి పని చూశాను. ఇంతమందిలో అంతకన్నా శుభ్రమైన జోడు లేదు. కానీ నా దగ్గర పనిచేసే ఒకతను రోగం దాచిపెట్టి వచ్చాడు. పైనుంచి పడ్డాడు. నేనే కింద నిలబడి ఉన్నాను. తరువాత అతని ఇంటికి ఫోను చేయవలసింది కూడా నేనే. మూర్ఛ పరీక్షలో ప్రతిసారీ తేలదు. ఇంటివాళ్లు చెబితేనే తెలుస్తుంది. ఉన్న రోగాన్ని లేదని చెప్పే తండ్రులను ఎందరినో చూశాను. లేని రోగాన్ని ఉందని చెప్పిన తండ్రిని ఎక్కడా చూడలేదు."

ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేమీ కనబడలేదు. నా మాట వృథా అవుతోందని అర్థమైంది. శిష్యుని కోసం వచ్చిన సారు ఏమైనా చెబుతాడని ఆయన అనుకోవడం సహజమే.

"మీరు బయట నిలబడండి. తండ్రిని నేనే అడుగుతాను" అన్నాడు.

నేనూ సాదిఖ్ గుమ్మం బయటికి వచ్చాం. తలుపు లేదు. అంతా వినబడుతోంది. బస్సులో వస్తుండగా చాంద్ మియాకు నేను ఏ జవాబూ నేర్పలేదు. ఏం నేర్పాలో నాకే తోచలేదు. ఫిట్స్ రావు అంటే మొన్నటి మాటకు విరుద్ధం, సారు నేర్పించి తెచ్చాడనుకుంటారు. వస్తాయి అంటే సాదిఖ్ పని అంతటితో సరి.

ఫోర్‌మన్ కావాలనే మొన్నటి ప్రశ్ననే మళ్లీ వేశాడు.

"చాంద్ మియా, మీవాడికి ఫిట్స్ వస్తాయా?"

ఈసారి టకటక జవాబు రాలేదు. సాదిఖ్ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ తరువాత చాంద్ మియా గొంతు వినబడింది. మెల్లగా, కానీ స్పష్టంగా.

"ఏ ఫిట్స్ అడుగుతున్నరో ముందుగాల మీరు చెప్పాలె సాబ్. పనియా, రోగమా? మొన్న నేను గదే అడగకుంట జవాబిచ్చిన."

ఫోర్‌మన్ కుర్చీ కదిలిన చప్పుడైంది.

"రెండూ చెప్పు."

"పని ఫిట్స్ వస్తయి. మీరే చూసిండ్రు. రోగం ఫిట్స్ పుట్టిన సంది ఒక్కపారి గూడ రాలే. వచ్చి ఉంటె నేనే ఒద్దనేటోన్ని. నా పిల్లగాడు పైకెల్లి పడితె నాకే పాయె గద సాబ్. నేను దర్జీని. కొలత దాస్తె గుడ్డ ఎవనికి సరిపోతది?"

అప్పుడు ఫోర్‌మన్ నవ్వాడు. ముందు ఆయన, తరువాత మూలన కూర్చున్న గుమాస్తా కుర్రవాడు. "ఆ చేతిలో ఇనుము మాట అన్నది నువ్వేనటయ్యా" అని ఫోర్‌మన్ గుమాస్తాను ఆటపట్టించడం కూడా వినబడింది. మమ్మల్ని లోపలికి పిలిచి, హైదరాబాదులో వైద్యపరీక్ష మామూలుగానే ఉంటుందనీ, తన వైపు నుంచి అభ్యంతరం లేదనీ చెప్పి, కొట్టేసిన పేరు పక్కన ఏదో రాసి సంతకం చేశాడు.

కొత్తవారికి

ఆ తరువాత నేను నా పాఠం మార్చుకున్నాను. ఫిట్స్ వస్తాయి అనడం మా వర్క్‌షాపులో నిషేధం. ఫిట్స్ చేస్తాను అనాలి. మొదట్లో కుర్రవాళ్లు నవ్వేవారు. ఎందుకో చెప్పాక నవ్వడం మానేవారు. మీరు బోధించే ప్రతి ఇంగ్లీషు మాటనూ విద్యార్థి చేత ఇంట్లో ఒకసారి చెప్పించి, ఇంట్లోవాళ్లకు ఏం అర్థమైందో మర్నాడు అడగండి. దానికి మీ సిలబస్‌లో గంట కేటాయించి ఉండదు. అయినా కేటాయించండి. ఒక మాటకు ఎన్ని అర్థాలున్నాయో తెలియడం చదువు అనుకుంటాం. ఎదుటివాడు ఏ అర్థంలో అడుగుతున్నాడో ఆగి తెలుసుకోవడం అంతకంటే అవసరమని నాకు నేర్పింది ఆ దర్జీయే.

ఆ మధ్యాహ్నం కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం ముగ్గురం నిలబడ్డాం. సాదిఖ్ చాయ తేవడానికి వెళ్లాడు. చాంద్ మియా అటూ ఇటూ చూసి, నా దగ్గరికి జరిగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"సార్, గాయన పేరు పక్కన ఏం రాసిండు?"

"ఫిట్టు అని రాశాడు."

ఆయన ముఖంలో రంగు మారింది.

"ఒకటే ఫిట్టా సార్, శానానా?"

"ఒక్కటే."

"ఒక్కటైతె ఖైర్, ఫికర్ లేదు" అన్నాడు, గుండె మీద చెయ్యి వేసుకుని.